నాగా పెడితే రెండు రోజుల జీతం కట్

2023 జులై ఆఖరు, ఆగస్టు రోజులు గుర్తున్నాయా? తెలుగు రాష్ట్రాల్లో ఏ ఊళ్ళో చూసినా కళ్ళకలక. మా వీధి మెడికల్ షాపులో చుక్కల మందు అయిపోయింది, మా పక్కింటి పిల్లల స్కూల్లో సగం బెంచీలు ఖాళీ, రోడ్డు మీద ఎవర్ని చూసినా నల్లద్దాలే. మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ బాబాయ్ కూడా ఎవరో ఇచ్చిన నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి. కళ్ళు కారుతుంటే చేత్తో తుడుచుకుంటున్నాడు, అదే చేత్తో రిజిస్టర్‌కి దారం కట్టి ఉన్న పెన్ను తీసి వచ్చినవాళ్ళకి అందిస్తున్నాడు. కొరియర్ కుర్రాడు, గ్యాస్ సిలిండర్ అబ్బాయి, మూడో ఫ్లోర్ వాళ్ళ చుట్టాలు, అందరూ అదే పెన్నుతో సంతకాలు పెట్టి లిఫ్ట్ బటన్ నొక్కి పైకెళ్తున్నారు.

(కళ్ళకలక ఉన్నవాళ్ళ కళ్ళల్లోకి చూస్తే అంటుకుంటుందని మా అమ్మ ఇప్పటికీ నమ్ముతుంది. చూపుతో రాదమ్మా, చేతులతో, తువ్వాళ్ళతో వస్తుంది అంటే వినదు. ఆ నల్లద్దాల వల్ల ఎదుటివాళ్ళకి ఒరిగేదేమీ లేదు, పెన్ను మార్చుకుంటే కొంత నయం.)

"ఏం బాబాయ్, ఇంటికెళ్ళి నాలుగు రోజులు పడుకోవచ్చుగా" అన్నాను.

"వెళ్తే జీతం మీరిస్తారా బాబూ" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ ప్రశ్న వెయ్యాల్సింది నన్నే, ఎందుకంటే అప్పట్లో మా అసోసియేషన్ ట్రెజరర్‌ని నేనే. అంతకు ముందు నెలలో ఆయనకి విరేచనాలు పట్టుకుని మూడు రోజులు రాలేదు. సెక్యూరిటీ ఏజెన్సీ వాళ్ళ లెక్క ఏంటంటే చెప్పకుండా పెట్టిన ప్రతి నాగాకి రెండు రోజుల జీతం కట్. మూడు నాగాలకి ఆరు రోజులు పోయాయి. మాకొచ్చే బిల్లు కూడా ఆ మేరకు తగ్గింది కాబట్టి నేను సంతోషంగా సంతకం పెట్టాను, వాట్సాప్ గ్రూపులో "ఈ నెల సెక్యూరిటీ ఖర్చు తగ్గింది" అని ఒక మెసేజ్ కూడా వేశాను, దానికి ఏడు బొటనవేళ్ళొచ్చాయి.

సరే, ఆ వారం తిరిగేలోపు మా ఇంట్లో ముగ్గురికీ కళ్ళు ఎర్రబడ్డాయి. పెన్ను వల్లే వచ్చిందని నేను ప్రమాణం చెయ్యలేను, ఊరంతా ఉన్నప్పుడు ఎక్కడినుంచైనా రావచ్చు. కానీ నేను నాలుగు రోజులు ఫ్యాన్ కింద పడుకుని ఫోన్లో పాత ప్రవచనాలు వింటూ గడిపాను, నాకు ఏడాదికి పన్నెండు సిక్ లీవులున్నాయి, జీతంలో పైసా తగ్గలేదు. ఆయన అవే కళ్ళతో పన్నెండు గంటల డ్యూటీ చేశాడు. తర్వాత జరిగిన అసోసియేషన్ మీటింగ్‌లో ఒకాయన "ఈ వాచ్‌మన్లకి శుభ్రత ఉండదండీ, వీళ్ళ వల్లే మనందరికీ" అన్నప్పుడు నాకు మొదటిసారి కడుపులో తిప్పినట్టయింది. శుభ్రత సంగతి సరే, మనిషిని ఇంట్లో ఉండనివ్వని లెక్క రాసింది మనమే కదా.

అప్పటినుంచీ ఈ విషయం నన్ను వదల్లేదు. దొరికినంత చదివాను, నలుగుర్ని అడిగాను.

ముందు బాబాయ్ లెక్కే చూద్దాం. నెలకి 14,000, అంటే రోజుకి 466 రూపాయలు. కళ్ళకలక అయిదు రోజులనుకుంటే పోయేది 2,330, ఏజెన్సీ డబుల్ కట్ పెడితే 4,660. అయితే ఆయనకి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా కార్డు ఉంది, నెలనెలా జీతంలో 0.75 శాతం కట్ అవుతుంది, యజమాని వైపు నుంచి 3.25 శాతం వెళ్తుంది. నెల జీతం 21,000 దాటనివాళ్ళకి, మామూలుగా పదిమందికి తగ్గకుండా పనిచేసే చోట్ల ఇది వర్తిస్తుంది. 1948లో చేసిన చట్టం, అంటే స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే మనవాళ్ళకి ఈ ఆలోచన వచ్చింది, ఏమాటకామాటే చెప్పుకోవాలి. జబ్బు చేసి పనికి రాలేకపోతే సగటు కూలిలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. వినడానికి చాలా బాగుంది. మరి బాబాయ్ ఎందుకు తీసుకోలేదు?

ఎందుకంటే జబ్బు పడిన మొదటి రెండు రోజులకి డబ్బు రాదు. పదిహేను రోజుల్లోపు మళ్ళీ జబ్బు తిరగబెడితే తప్ప ఆ రెండు రోజులూ మనిషి సొంత ఖర్చే. అంటే అయిదు రోజుల కళ్ళకలకకి వచ్చేది మూడు రోజుల డబ్బు, అందులోనూ 70 శాతం, 978 రూపాయలు. దానికోసం కారుతున్న కళ్ళతో బస్సెక్కి ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్ళి, లైన్లో నిలబడి, సర్టిఫికెట్ రాయించుకుని, అది ఆఫీసులో ఇచ్చి... ఈలోపు కళ్ళకలక తగ్గిపోతుంది. ఆయన అదే అన్నాడు, "ఆ కాయితాల కోసం తిరిగే టైములో డ్యూటీ చేసుకుంటే పోతుంది బాబూ".

నేను ఈ రెండు రోజుల రూల్ దగ్గరే ఆగిపోయాను. ఊరికే చిన్నచిన్న వాటికి సెలవులు పెట్టకుండా ఉండాలని పెట్టి ఉంటారు, అర్థమవుతూనే ఉంది. కానీ అంటుజబ్బుల సంగతి చూడండి. ఫ్లూ ఎక్కువగా అంటుకునేది జ్వరం మొదలైన మొదటి మూడు రోజుల్లో. వాంతులు విరేచనాలు తెప్పించే నోరోవైరస్ అయితే ఒంట్లో బాగోని రోజుల్లోనూ, తగ్గిన మొదటి రెండు రోజుల్లోనూ ఎక్కువ, అందుకే వంట చేసేవాళ్ళు తగ్గాక కూడా కనీసం 48 గంటలు వంటగదిలోకి రాకూడదంటారు డాక్టర్లు. అంటే మనిషి ఇంట్లో ఉండటం వల్ల ఊరికి ఎక్కువ మేలు జరిగే రోజులేవో, సరిగ్గా ఆ రోజులకే మనం డబ్బు ఇవ్వం. మంచం పట్టి రెండు రోజులు దాటాక ఇస్తాం, అప్పటికి అంటించాల్సినవాళ్ళకి అంటించేసి ఉంటాడు.

హోటళ్ళ సంగతికొద్దాం. మా సెంటర్లో ఒక టిఫిన్ బండి ఉంది, దాదాపు రోజూ నా పొద్దున అక్కడే. దోసె మాస్టర్‌కి రోజు కూలి, సప్లయర్లకి రోజు కూలి, ప్లేట్లు కడిగే కుర్రాడికి రోజు కూలి, సాయంత్రం లెక్క చూసి చేతిలో పెడతారు. రాని రోజు కూలి లేదు. ఆహార భద్రత రూల్స్ 2011లో వచ్చాయి, వాటిలో స్పష్టంగా ఉంది, అంటుజబ్బు ఉన్నవాళ్ళని, ఉందని అనుమానం ఉన్నవాళ్ళని కూడా వంట జరిగేచోటికి రానివ్వకూడదు, ఏడాదికోసారి డాక్టర్ పరీక్ష చేయించాలి, టైఫాయిడ్ లాంటి వాటికి టీకా వేయించాలి. చాలా మంచి రూలు. అందులో లేనిది ఒక్కటే, ఆ మనిషిని ఇంటికి పంపించాక ఆ రోజు కూలి ఎవరివ్వాలి అన్నది. మీరే దోసె మాస్టర్ అనుకోండి. పొద్దున్నే రెండుసార్లు విరేచనం అయింది. ఓనర్‌కి చెప్తే ఇంటికి పొమ్మంటాడు, కూలి పోతుంది, నాలుగు రోజులు వరసగా అలా అయితే మీ స్థానంలో ఇంకో మాస్టర్ వస్తాడు. చెప్పకపోతే ఏమీ కాదు. మీరు చెప్తారా? నేనైతే చెప్పను. అమెరికాలో హోటల్ పనివాళ్ళని అడిగితే ఏడాదిలో కనీసం ఒక్క షిఫ్టయినా వాంతులతోనో విరేచనాలతోనో పనిచేశామని అయిదుగురిలో ఒకరు ఒప్పుకున్నారు. అది ఒప్పుకున్నవాళ్ళ లెక్క.

వంటమనిషి, టైఫాయిడ్ అనగానే మేరీ మాలన్ గుర్తొస్తుంది. టైఫాయిడ్ మేరీ అని పేరు పెట్టి ప్రపంచమంతా ఆడిపోసుకున్న మనిషి. ఐర్లాండ్ నుంచి న్యూయార్క్ వచ్చి డబ్బున్నవాళ్ళ ఇళ్ళలో వంట చేసుకుని బతికేది. ఒంట్లో టైఫాయిడ్ క్రిములున్నా తనకి జబ్బు లక్షణాలు లేవు, అలాంటి క్యారియర్లు టైఫాయిడ్ వచ్చినవాళ్ళలో నూటికి ఒకరి నుంచి అయిదుగురి దాకా ఉంటారు. 1906లో ఆమె వంట చేసిన ఒక ఇంట్లో పదకొండుమందిలో ఆరుగురు పడిపోయారు. జార్జ్ సోపర్ అనే శానిటరీ ఇంజనీర్ ఆమె ఇంతకుముందు చేసిన ఇళ్ళన్నీ తవ్వితీశాడు, 1907లో పట్టుకెళ్ళి నార్త్ బ్రదర్ ఐలాండ్ అనే ద్వీపంలో ఉంచారు. మూడేళ్ళ తర్వాత ఇంక వంట చెయ్యను అని మాట తీసుకుని వదిలారు. ఈ కథలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ముక్క దీని తర్వాతే ఉంది. వంట వద్దన్నారు సరే, బట్టలుతికే పని చేసుకుంది, దానిలో వచ్చేది వంటకంటే చాలా తక్కువ. చివరికి పేరు మార్చుకుని మళ్ళీ వంటలోకే వెళ్ళింది. 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రి వంటగదిలో దొరికింది, అక్కడ పాతికమందికి జబ్బు చేసి ఇద్దరు చనిపోయారు. మళ్ళీ ద్వీపానికి పంపారు, 1938లో అక్కడే పోయింది. మొత్తం మీద ఇరవయ్యారేళ్ళు.

తనకి జబ్బుందని ఆమె చివరిదాకా నమ్మలేదు, అది ఆమె మొండితనం, దాన్ని దాచక్కర్లేదు. కానీ వంట మానేస్తే వచ్చే నష్టం ఆ నగరం భరించి ఉంటే, అంటే నువ్వు వంట చెయ్యకు, ఆ జీతం తేడా మేమిస్తాం అని ఉంటే ఆ పాతికమంది సంగతి ఏమయ్యేదో ఆలోచించండి. ద్వీపంలో ఇరవయ్యారేళ్ళు కాపలా కాసి తిండి పెట్టడం కంటే అది చవక. పైగా ఆమె పోయేనాటికి న్యూయార్క్‌లో అలాంటి క్యారియర్లు వందలమంది దొరికారు, వాళ్ళెవర్నీ అన్నేళ్ళు బంధించలేదు.

ఇంకో సంగతి. జ్వరం వస్తే రోజుకూలి మనిషి ఎక్కడికి వెళ్తాడు? వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గరికి. వెళ్ళి అడిగేది మందు కాదు, "రేపు పొద్దునకి పనిలోకి వెళ్ళాలి, గట్టిగా ఒక సూది వెయ్యండి" అని. ఆయన సూది వేస్తాడు, వీలైతే ఒక గ్లూకోజ్ ఎక్కిస్తాడు, అవసరం ఉన్నా లేకపోయినా ఒక యాంటీబయోటిక్ మూడు రోజులకి రాస్తాడు, మనిషి మర్నాడు పనిలో ఉంటాడు. మందులకి లొంగని క్రిములు పెరిగిపోతున్నాయని పేపర్లలో పెద్ద పెద్ద వ్యాసాలు రాస్తాం, పేషెంట్లకి అవగాహన లేదంటాం. రెండు రోజులు పడుకుంటే తగ్గే జ్వరానికి సూది ఎందుకంటే, ఆ రెండు రోజులు పడుకునే స్తోమత లేకే. దీనికి నా దగ్గర సర్వే ఏమీ లేదు, మా వీధి ఆర్‌ఎంపీ షాపు ముందు బెంచీ మీద కూర్చుని చూసింది చెప్తున్నా.

టీబీ అయితే ఇంకా ఘోరం. సరైన మందులు మొదలుపెడితే మామూలు టీబీ రెండు వారాల్లోనే చాలావరకు అంటుకునే గుణం కోల్పోతుంది. అంటే ఆ రెండు వారాలు మనిషి ఇంట్లో ఉండి మందులు వేసుకుంటే మేస్త్రీ పక్కన ఇటుకలందించేవాళ్ళకి, అదే షెడ్డులో పడుకునేవాళ్ళకి ముప్పు బాగా తగ్గుతుంది. ఈఎస్ఐ ఉన్నవాళ్ళకి టీబీ లాంటి పెద్ద జబ్బులకి 80 శాతం చొప్పున ఎక్కువకాలం ఇచ్చే ఏర్పాటు ఉంది. ఈఎస్ఐ లేనివాళ్ళకి ఉన్నది టీబీ రోగులందరికీ వర్తించే నిక్షయ్ పోషణ్ అనే కేంద్ర పథకం ఒక్కటే, నెలకి 1,000 రూపాయలు, 2018లో మొదలైనప్పుడు 500, 2024 నవంబర్ నుంచి 1,000 చేశారు. మంచిదే, అది తిండికి. కూలికి కాదు. మా దగ్గర మేస్త్రీ కూలి ఒకటిన్నర రోజుకే అది అయిపోతుంది. ఆ మనిషి పనికి పోక ఏం చేస్తాడు, దగ్గుని తువ్వాలుతో మూసుకుని పోతాడు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 1988లో చేసిన దుకాణాలు, సంస్థల చట్టంలో జబ్బుకి ఏడాదికి పన్నెండు రోజులు జీతంతో సెలవు, అది కాక పన్నెండు క్యాజువల్ లీవులు అని రాసి ఉంది. బట్టల షాపులో సేల్స్‌గర్ల్‌ని అడగండి, ఈ పన్నెండు గురించి విందేమో. మా పక్క వీధిలో చీరల షాపులో పనిచేసే అమ్మాయిని నేను అడిగాను, "సిక్ లీవా, అటెండెన్స్ బోనస్ పోతుంది అన్నా, నెలంతా ఒక్క రోజు మానకుండా వస్తే వెయ్యి ఎక్కువిస్తారు" అంది. అంటే జ్వరంతో వచ్చినందుకు బహుమతి అన్నమాట. డెలివరీ కుర్రాళ్ళ ఇన్సెంటివ్ కూడా అంతే, వారం టార్గెట్‌లో ఒక ఆదివారం పోతే మొత్తం పోతుంది. (గల్ఫ్‌కి వెళ్ళిన మన జగిత్యాల, నిజామాబాద్ వాళ్ళు నవ్వుతారేమో, యూఏఈ చట్టంలో ప్రొబేషన్ అయ్యాక జబ్బు సెలవు 90 రోజులు, అందులో 15 రోజులు పూర్తి జీతం, 30 రోజులు సగం జీతం. చేతికొచ్చేది ఎంతమందికి అన్నది వేరే కథ.)

ఇక్కడ నన్ను అందరూ అడిగే ప్రశ్న, మా అసోసియేషన్ మీటింగ్‌లో కూడా ఇదే, "జీతంతో సెలవిస్తే వీళ్ళు ఊరికే అబద్ధాలు చెప్పి ఇంట్లో పడుకుంటారండీ". పడుకునేవాళ్ళు ఉంటారు. నేను కూడా ఒకసారి క్రికెట్ మ్యాచ్ కోసం కడుపునొప్పి అని మెయిల్ పెట్టాను, ఇది మా మేనేజర్ చదవడనే ధైర్యంతో రాస్తున్నా. కానీ లెక్క చూద్దాం. శాన్‌ఫ్రాన్సిస్కో ఊరు 2006లో ఓటేసి మరీ దీన్ని చట్టం చేసుకుంది, అమెరికాలో మొదటి ఊరు అదే. తర్వాత సర్వే చేస్తే, కంపెనీ సైజుని బట్టి అయిదు నుంచి తొమ్మిది రోజులు హక్కున్నా సగటు పనివాడు వాడుకుంది మూడు రోజులు. నాలుగో వంతు మంది ఒక్కటీ వాడలేదు. చేతిలో ఉంటే మనిషి దాచుకుంటాడు, ముందు ముందు పెద్ద జబ్బేదైనా వస్తే పనికొస్తుందని. 2020 మార్చిలో కరోనాకి భయపడి ఆ దేశంలో చాలామందికి రెండు వారాల జీతంతో సెలవు తాత్కాలికంగా ఇచ్చే చట్టం చేసినప్పుడు, అంతకుముందు అలాంటి హక్కు లేని రాష్ట్రాల్లో రోజుకి ఒక్కో రాష్ట్రానికి దాదాపు 400 కేసులు తగ్గాయని పరిశోధకులు లెక్కగట్టారు. టీకాలు ఇంకా రాని రోజులవి.

మన దగ్గర కూడా అప్పుడు చేశాం. 2020 మార్చి 29న కేంద్రం లాక్‌డౌన్ రోజులకి జీతాలు కట్ చెయ్యొద్దని ఆర్డర్ ఇచ్చింది, మే నెల మధ్యలో తీసేసింది అనుకోండి. ఆ ఏప్రిల్‌లో మా అపార్ట్‌మెంట్ వాళ్ళం పనివాళ్ళందరికీ పూర్తి జీతం ఇచ్చాం, ఇంట్లోనే ఉండమని బతిమాలాం కూడా. ఎందుకంటే ఆ జబ్బు మనకి వస్తుందని భయం. కాబట్టి ఇవ్వలేక కాదు. ఎంత అవుతుందో నేను మీటింగ్‌లో బోర్డు మీద రాసి చూపించాను. వాచ్‌మన్లు ఇద్దరు, ఊడ్చే ఆవిడ ఒకరు. ముగ్గురూ పన్నెండేసి రోజులూ పూర్తిగా వాడుకున్నా, వాళ్ళ బదులు వచ్చే మనిషి ఖర్చు ఫ్లాట్‌కి నెలకి యాభై రూపాయలు దాటదు. మా క్లబ్ హౌస్‌లో ఎవరూ ఆడని టేబుల్ టెన్నిస్ టేబుల్ కొన్న ఏడాది అంతకంటే ఎక్కువే కట్టాం. రెండు గంటలు గొడవపడి, సర్టిఫికెట్ అడగాలని ఒకరు, అడగొద్దని ఒకరు, చివరికి మూడు రోజుల దాకా కాయితం అక్కర్లేదు, ఆపైన చూపించాలి అని తీర్మానం అయింది. ఏజెన్సీ అగ్రిమెంట్‌లో డబుల్ కట్ తీయించాను. రిజిస్టర్‌లో నాగా అనే గడి పక్కన "జ్వరం" అని ఇంకో గడి గీశాను. మొదటి ఏడాది బాబాయ్ వాడింది అయిదు రోజులు.

ఇదంతా చేసి నేను చాలా మంచివాణ్ణి అనుకుంటూ ఇంటికొస్తే, మా ఇంట్లో పనిచేసే అమ్మాయి గిన్నెలు తోముతూ దగ్గుతోంది. అసోసియేషన్ జీతగాళ్ళ గురించి ఇంత లెక్కలు రాసినవాణ్ణి, నా ఇంటి మనిషి గురించి ఆలోచించనే లేదు. మా ఆవిడ అంటే గానీ తట్టలేదు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకి ఈఎస్ఐ లేదు, 1988 చట్టం లేదు, జబ్బు సెలవు ఇప్పించేది ఏమీ లేదు. ఇళ్ళపని వాళ్ళ హక్కుల మీద 2011లో అంతర్జాతీయంగా ఒక ఒప్పందం వచ్చింది, మన దేశం దాన్ని ఇప్పటికీ ధ్రువీకరించలేదు. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, ఈఎస్ఐ పరిధి పెంచారు, డెలివరీ కుర్రాళ్ళ లాంటి గిగ్ వర్కర్ల కోసం కంపెనీల నుంచి వాటా తీసుకుంటామన్నారు, కానీ అయిదిళ్ళలో పాచిపని చేసే మనిషికి జ్వరం వచ్చిన రోజు ఎవరు జీతం ఇవ్వాలి అన్నదానికి నాకైతే అందులో జవాబు దొరకలేదు.

జవాబు లేని ప్రశ్న కూడా కాదిది. చాలామంది యజమానులున్న పనివాళ్ళకి పద్ధతులు ఎప్పుడో కనిపెట్టారు. మహారాష్ట్రలో హమాలీల కోసం 1969లోనే మాథాడీ చట్టం చేశారు, ఏ వ్యాపారి దగ్గర మూట మోసినా కూలీ, దానిపైన లెవీ కలిపి బోర్డుకి కడతారు, బోర్డు సెలవులు, పీఎఫ్ అన్నీ చూస్తుంది. కట్టడం పనివాళ్ళ కోసం 1996లో చేసిన చట్టం ప్రకారం నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్సు పెట్టారు, మన రెండు రాష్ట్రాల్లోనూ బోర్డులున్నాయి. అలాగే ఒక్కో ఇంటి నుంచి కరెంటు బిల్లుతోనో ఇంటిపన్నుతోనో నెలకి కాస్త వసూలు చేసి వార్డు సచివాలయం ద్వారా జబ్బు రోజులకి ఇవ్వలేమా అని నా ఆలోచన. నవ్వకండి, పింఛన్ ఇంటికే తెచ్చి ఇచ్చే ఏర్పాటు ఉన్న రాష్ట్రం మనది.

సరే, ఆ రోజు ఆ అమ్మాయితో చెప్పాను, "ఇకనుంచీ జ్వరం, దగ్గు ఏదున్నా రావద్దమ్మా, ఏడాదికి పన్నెండు రోజులు, జీతం కట్ చెయ్యం" అని. గిన్నె పక్కన పెట్టి నన్ను అదోలా చూసింది.

"మరి మిగతా నాలుగిళ్ళ వాళ్ళో సార్?"

"వాళ్ళకీ చెప్పి చూస్తాం."

"వాళ్ళు ఇవ్వరు సార్. పోనీలెండి, జ్వరం వచ్చినప్పుడు మీ ఇంటికి రాను, ఆ నాలుగిళ్ళకే వెళ్తాను. మీ ఇంటి పని లేదు కాబట్టి కాస్త తొందరగా కూడా అయిపోతుంది."

అన్నట్టే చేసింది. పోయిన నెలలో రెండు రోజులు రాలేదు, జ్వరం అని ఫోన్ చేసింది, జాగ్రత్తగా పడుకోమని మా ఆవిడ చెప్పింది. రెండో రోజు సాయంత్రం మూడో ఫ్లోర్ అత్తయ్యగారు పెరుగు గిన్నె పట్టుకుని వచ్చి, "మీ పనమ్మాయికి ఒళ్ళు కాలిపోతోందండీ, అయినా పొద్దున్నే వచ్చి గిన్నెలు, గచ్చు అన్నీ చేసి వెళ్ళింది పాపం, ఎంత నమ్మకమైన పిల్లో" అని మా సోఫాలో కూర్చుని తుమ్మారు.